దిగుడు దారి

మా బ్లాకులో పందొమ్మిది అంతస్తులు. నిరుడు సలేశ్వరం పోవాలని అనుకున్న రోజు నుంచి పైకి ఎక్కడానికి లిఫ్టు వాడటం మానేశాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోజూ పొద్దున్నే అదే పని. మెట్ల మీద టెర్రస్ దాకా ఎక్కడం, అక్కడ రెండు నిమిషాలు నిలబడి కొల్లూరు వైపు కొత్తగా లేస్తున్న టవర్లు లెక్కపెట్టుకోవడం, లిఫ్టులో కిందికి రావడం, మళ్లీ ఎక్కడం. రోజుకు మూడు సార్లు. తెల్లాపూర్‌లో గుట్టలన్నీ పునాదుల్లో కలిసిపోయాక ఎక్కడానికి మిగిలింది ఇవే మరి. వాచ్‌మన్ కొన్నాళ్లు చూసి చూసి అడిగాడు: "ఎక్కేటప్పుడు లిఫ్టు పని చేస్తలేదా సార్?"

నవ్వేసి ఊరుకున్నాను. అతను అడిగిన దాంట్లో ఎంత పాయింటు ఉందో అప్పుడు తెలియలేదు.

మనవాళ్లకు కొండ దేవుడంటే ఎక్కడమే. తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు. ఎన్ని గంటల్లో ఎక్కామో జీవితాంతం చెప్పుకుంటాం. దిగడం గురించి ఎవరూ చెప్పరు. ఎందుకంటే దర్శనం కాగానే లడ్డూల సంచి ఒళ్లో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో కునుకు తీస్తూ దిగుతాం. మొక్కు కూడా ఎక్కడానికే. నడిచి దిగుతానని ఎవరైనా మొక్కుకున్నారా?

సలేశ్వరం లింగమయ్య దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ దేవుడు కొండ మీద లేడు, కింద ఉన్నాడు. నల్లమల నడుమ లోతైన లోయ, లోయ అడుగున గుండం, గుండంలోకి దూకే నీటి ధార, ఆ పక్కన గుహలో లింగం. చైత్ర పౌర్ణమికి జాతర. ఈ అడవి 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి ఇప్పుడు జాతర మూడు రోజులే. పూజారులు చెంచులు. కొందరు దీన్ని తెలంగాణ అమర్‌నాథ్ అంటున్నారు కానీ నాకు ఆ పేరు నచ్చదు. లింగమయ్యకు ఇంకొకరి పేరు అరువు తెచ్చుకోవాల్సిన అవసరం ఏముంది?

2025లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 12, శనివారం పడింది. కొల్లూరు దగ్గర ఔటర్ ఎక్కి, తుక్కుగూడ దగ్గర దిగి శ్రీశైలం రోడ్డు పట్టుకున్నాం. కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటాక మన్ననూరు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి జంతువుల కోసం అక్కడ గేటు వేసేస్తారు, అందుకని గేటు తీసే వేళకే చేరుకున్నాం. ఫరహాబాద్ దగ్గర హైవే వదిలి అడవిలోకి మట్టి రోడ్డు. రాంపూర్ పెంట దగ్గర బండ్లు ఆగిపోతాయి. అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్ల నడక.

మొదట్లో బాగానే ఉంది. ఆకు రాలిన చెట్లు, కాలి కింద కరకరలాడే ఎండుటాకు, దారి పొడుగునా "వస్తున్నాం లింగమయ్యా" అని అరుపులు. తిరిగి వస్తున్నవాళ్లు "పోయొస్తాం లింగమయ్యా" అంటారు. ఆ రెండు కేకలూ ఒకే దారిలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతుంటాయి. ఎవరు ఎటు పోతున్నారో ముఖం చూడక్కర్లేదు, అరుపు వింటే చాలు. ఎవరో పుణ్యాత్ములు మజ్జిగ పోస్తున్నారు. నేను ఉత్సాహంగా అందరినీ దాటుకుంటూ నడిచాను. రెండు నెలలు పందొమ్మిది అంతస్తులు ఎక్కినవాడిని కదా!

లోయలోకి దిగుడు మొదలైంది. ఒకచోట ఒక్క మనిషి పట్టేంత దారి, ఒక పక్క బండ, ఇంకో పక్క ఏమీ లేదు. పాదాల కింద గులకరాళ్లు బంతుల్లా దొర్లుతున్నాయి. పావుగంటలో నా మోకాళ్లు వణకడం మొదలుపెట్టాయి. అడుగడుక్కీ కాలి బొటనవేలు బూటు ముందు భాగానికి వెళ్లి గుద్దుకుంటోంది. నా వెనక అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ. డెబ్బై ఉంటాయి. చెప్పులు లేవు, చేతిలో కర్ర, నెత్తి మీద మూట. దాటిపొమ్మని పక్కకు జరిగాను. ఆమె పోలేదు. నా కాళ్ల వంక చూసింది.

"బిడ్డా, ఉరుకుతున్నవ్. గుట్ట నిన్ను ముందుకు నూకుతది. నువ్వు కాళ్లు బిగవట్టి ఆపుతున్నవ్. గట్ల కాదు. పీట మీద కూసోబోతున్నట్టు దిగు. చిన్న చిన్న అడుగులెయ్యి. కర్ర ముందు, కాలు ఎనక."

చేసి చూపించింది. మోకాలు కాస్త వంచి, నడుము కిందికి దించి, పాదం కొంచెం అడ్డంగా వేసి, మడమ మీద కాకుండా పాదమంతా ఆనించి, అప్పుడు బరువు దింపింది. తర్వాతి అడుగూ అంతే. అందులో తొందరా లేదు, ఆగడమూ లేదు. ఆ పద్ధతిలో పది అడుగులు వేశాక వణుకు తగ్గింది. అవ్వ వెనకాలే దిగాను. దారిలో ఆమెకు ఇది ఎన్నోసారి అని అడిగాను. "ఎవలు లెక్కవెట్టిన్రు" అంది.

గుండం దగ్గరికి చేరేసరికి గాలి మారిపోయింది. పైన నలభై డిగ్రీల చైత్రం, కింద తడి చల్లదనం. చుట్టూ నిట్టనిలువు రాతి గోడలు, తల ఎత్తితే సన్నటి ఆకాశం ముక్క. ఎండాకాలం కాబట్టి ధార సన్నబడింది, గాలి వీచినప్పుడల్లా తుంపర్లుగా విరిగి పక్కకు పోతోంది. జనమంతా ఆ తుంపరతో పాటు కుడికీ ఎడమకీ జరుగుతున్నారు, ముఖాలు పైకెత్తి. అవ్వ మూట విప్పి, పొడి చీర బండ మీద పెట్టి, నీళ్లలోకి నడుము దాకా దిగి నిలబడింది. గుహలో లింగమయ్య దర్శనం అరనిమిషం. చెంచు పూజారి బొట్టు పెట్టి ముందుకు పంపాడు.

నీళ్లు ఎప్పుడూ పల్లంలోనే కదా, దిగుడు బావి కట్టిన మనకు ఆ సంగతి తెలియనిది కాదు. పంపు తిప్పితే ఇరవయ్యో అంతస్తుకు నీళ్లు వచ్చే ఊళ్లో ఉండి మరిచిపోయాం, అంతే. చెంచులకైతే దిగడం బతుకుతెరువు. కొండ చరియకు పట్టిన తేనె తీయాలంటే పై నుంచి తాడు పట్టుకుని అంచు మీదుగా దిగాలి. ఆ తాడును పైన పట్టుకోవడానికి బావమరిదినే పెట్టుకుంటారట. బావమరిది బతక కోరతాడని మనం సామెతగా చెప్పుకుని వదిలేస్తాం, వాళ్లు ఆ మాట మీద ప్రాణం వేలాడదీస్తారు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఈ అమ్రాబాద్ గుట్టల్లోనే తిరిగి 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఎనభై ఏళ్లు దాటినా వాళ్ల అడవిలో మనకు దారి చూపేది ఇంకా వాళ్లే.

తిరిగి ఎక్కడం నాకు సులువైంది, టెర్రస్ పుణ్యమా అని. అసలు కథ సోమవారం మొదలైంది. అంబేడ్కర్ జయంతి సెలవు కాబట్టి పరువు దక్కింది. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి, బాత్రూంలో గోడ పట్టుకోవాలి. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. ఇంట్లో వాళ్లు నవ్వు ఆపుకోలేదు.

కారణం తర్వాత తెలుసుకున్నాను. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే బరువును ఆపాలి, బ్రేకు లాగా. అలవాటు లేని కండరంలో ఈ పని కంటికి కనపడని చిరుగులు పెడుతుంది. నొప్పి అప్పటికప్పుడు రాదు, ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. అలవాటైన కాలికి అంత బాధ ఉండదు. అంటే రెండు నెలల పాటు నేను ఆ బ్రేకుకు రోజూ మూడుసార్లు లిఫ్టులో సెలవు ఇచ్చానన్నమాట.

ఎనిమిదో అంతస్తులో ఒక పెద్దాయన ఉన్నారు. కోవిడ్‌తో యాత్ర ఆగిపోక ముందు, 2019లో మానససరోవరం వెళ్లొచ్చారు. నా నడక చూసి ఆయనకు విషయం అర్థమైపోయింది. కైలాస పరిక్రమలో డోల్మా లా కనుమ 5,630 మీటర్ల ఎత్తు, అందరి భయమూ అది ఎక్కడం గురించే. కనుమ దాటాక గుర్రం మీద వచ్చినవాళ్లు కూడా దిగి రాళ్ల మీద నడవాల్సిందేనట. కింద పచ్చగా గౌరీకుండం కనిపిస్తూ ఉంటుంది, అక్కడిదాకా దిగేవాళ్లు తక్కువ. "నేనూ పై నుంచే దండం పెట్టుకున్నా" అన్నారాయన. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట కాస్త సిగ్గుపడుతూ చెప్పారు.

ఇప్పుడు నేను లిఫ్టులో పైకి వెళ్లి మెట్ల మీద కిందికి వస్తున్నాను. వాచ్‌మన్‌కు ఇది మరీ వింతగా ఉంది.

వచ్చే చైత్రానికి మీరూ పోవాలనుకుంటే ఇప్పటి నుంచే మెట్లు దిగండి. 2023 జాతరలో రద్దీలో ప్రాణాలు పోయాయి, ఇరుకు దారిలో ఎదుటివాళ్లను తోసుకుపోకండి. ప్లాస్టిక్ సీసాలు తీసుకుపోవద్దు, అగ్గిపెట్టె అసలే వద్దు. బయల్దేరే ముందు రోజు కాలి గోళ్లు కత్తిరించుకోండి.