హేతువుకు ప్రమాణమేది? – ‘అసమర్థుని జీవయాత్ర’పై ఒక పరిశీలన

గోపీచంద్ (1910–1962) ‘అసమర్థుని జీవయాత్ర’ను మనోవైజ్ఞానిక నవలగా చదవడం పరిపాటి. అందులో జ్ఞానమీమాంసా సమస్య కూడా ఉంది. సీతారామారావుకు తర్కం కొరవడలేదు. ప్రతి తప్పిదానికీ సమర్థన కల్పించుకోగలడు. ఆ తర్కాన్ని సరిచూసే సాధనమూ ఆ తర్కమే కావడం అతని విషాదం. ప్రమేయాలు ప్రమాణాలవల్ల సిద్ధిస్తే, ప్రమాణాలు దేనివల్ల సిద్ధిస్తాయని ‘విగ్రహవ్యావర్తని’లో నాగార్జునుడు వేసిన ప్రశ్న ఇక్కడ వర్తిస్తుంది. తెనాలి సూతాశ్రమవాసి త్రిపురనేని రామస్వామి చౌదరి ‘ఎందుకు’ అనే ప్రశ్నను పురాణాలపై సంధించాడు. కుమారుడు దానిని ప్రశ్నించేవాని మనస్సుపైకే మళ్లించాడు. ఇది హేతువాద తిరస్కారం కాదు. రామయ్య తాత మాటలు సైతం సీతారామారావును నిలబెట్టలేకపోయాయి. ఎదుటివారి అభ్యంతరానికి చోటివ్వని హేతువు ఆత్మసమర్థనగా దిగజారుతుంది. కనుక అతని ఏకాంతం స్వభావలోపం మాత్రమే కాదు, ప్రమాణలోపం కూడా.