దెబ్బ ఎవరిది, మోత ఎవరిది?

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా వాడకు పట్నం నుంచి ఒక సారు వచ్చిండు. భుజానికి సంచి, సంచిలో టేప్‌రికార్డర్. పాటలు పట్టుకపోవడానికి వచ్చిన అన్నడు. మా అవ్వను (అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం) చింతచెట్టు కింద కూచోబెట్టి నాటు పాట పాడమన్నడు. మా నాయినను డప్పు కొట్టమన్నడు. నాయిన గడ్డిమంట మీద డప్పు కాపుకొని, సిర్ర ఎత్తి ఒక్క దెబ్బ వేసిండో లేదో, సారు చెయ్యి అడ్డం పెట్టిండు.

"అంత గట్టిగ కొడితే సూది ఎర్రగీత దాటుతది. మెల్లగ కొట్టు."

నాయిన మెల్లగ కొట్టిండు. మెల్లగ కొట్టిన డప్పు ఏం డప్పు?

పాట అయిపోయినంక సారు కాసెట్ మీద పెన్నుతో రాసుకున్నడు. ఆ పూట అక్కడ అక్షరాలు కూడబలుక్కోగలిగినోణ్ణి నేనొక్కణ్ణే. "నాటు పాట. ఆడ గొంతు. మాదిగవాడ." అంతే ఉంది. అవ్వ నా చెవి దగ్గర అడిగింది, "నా పేరు రాసిండా బిడ్డా?"

"రాసిండు" అన్న.

నేను చదివిన చదువుతో మా అవ్వకు చేసిన మొదటి పని ఆ అబద్ధం. ఆ కాసెట్ మళ్లీ మా వాడకు రాలేదు. చప్పుళ్లు పట్టుకునే కళ గురించి ఇవాళ నేను నాలుగు మాటలు రాస్తున్నానంటే దాని వెనక ఉన్నది ఆ కాసెట్టే.

ఇప్పుడు సర్కారు బడిలో సైన్సు చెప్తున్నాను. ధ్వని పాఠం కోసం రకరకాల చప్పుళ్లు వెతుకుతుంటే డీలియా డెర్బీషైర్ చేసిన 'బ్లూ వీల్స్ అండ్ గోల్డెన్ శాండ్స్' చెవిన పడింది. సహారా ఎడారిలోని తువారెగ్ జనం మీద తీసిన డాక్యుమెంటరీ కోసం 1967లో లండన్‌లోని బిబిసి రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో ఆమె చేసిన సంగీతం అది. వీణ లేదు, వేణువు లేదు. బల్బు మీద బోర్లించే పచ్చరంగు రేకు డిప్ప ఒకటి ఆమె దగ్గర ఉండేది. దాన్ని కొట్టి టేపు మీదికి ఎక్కించింది. కొట్టిన క్షణాన్ని వదిలేసింది. మిగిలిన మోతను మాత్రం ఉంచుకుంది. ఆ మోతలో ఏయే స్వరాలున్నాయో లెక్కగట్టి, ఆసిలేటర్లతో మళ్లీ పేర్చింది. ఒంటెల అడుగుల చప్పుడుకు తన గొంతునే ముక్కలు చేసి వాడింది. వింటుంటే ఎండమావి చెవిలోకి వచ్చినట్టుంటది. ఎక్కడ మొదలైందో తెలియదు, ఎప్పుడు కరిగిందో తెలియదు. గొప్ప పని. ఇందులో నాకు అనుమానం లేదు.

అయినా రెండోసారి వింటుంటే నాకు మా నాయిన గుర్తొచ్చిండు. దెబ్బ తీసేసి మోత ఉంచుకోవడం!

ఈ విద్య ఆమెతో మొదలు కాలేదు. 1948లో పారిస్‌లో పియర్ షేఫర్ రైలు చప్పుళ్లతో సంగీతం చేశాడు. గంట మోతలోంచి దెబ్బను కోసేసి వింటే అది గంటలా వినపడదని కనిపెట్టాడు. అక్కణ్ణించి ఒక సిద్ధాంతం పెరిగింది: చప్పుడు ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరు చేశారు అన్నది మరిచిపో, చప్పుణ్ణి చప్పుడుగా విను. వినడానికి ఎంతో సమానత్వంగా ఉంది. రైలుకు, గంటకు సరిపోతుందేమో. మా ఊళ్లో డప్పు మోగితే కళ్లు మూసుకున్నోడికి కూడా తెలుసు అది ఎవరి చెయ్యో. చావుకు పిలిచేది ఆ చెయ్యినే, పెళ్లిబంతిలో దూరంగా కూచోబెట్టేది ఆ చెయ్యినే. వెయ్యేళ్లుగా మా చప్పుణ్ణి మా కులంతో కలిపే విన్నారు. ఇప్పుడు రికార్డు చేసి కళ అని పేరు పెట్టే వేళకు మాత్రం ఎవరు కొట్టారన్నది మరిచిపొమ్మంటే ఎట్లా?

ఈ ప్రశ్న డీలియాను అడిగే ముందు ఆమె బతుకు చూడాలి. 1937లో కోవెంట్రీలో పుట్టింది. తండ్రి రేకుల పనివాడు. 1940 నవంబరులో జర్మన్ బాంబులు ఆ ఊరిని కూల్చినప్పుడు మూడేళ్ల పిల్ల. విమానదాడి సైరన్లే తనకు ఈ వింత ధ్వనుల మీద ప్రేమ నేర్పాయని తర్వాత చెప్పుకుంది. పనోళ్ల ఇంటి పిల్ల స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి చేరి గణితం, సంగీతం చదివింది. 1959లో డెక్కా రికార్డుల కంపెనీకి అర్జీ పెడితే, స్టూడియోలో ఆడవాళ్లను పెట్టుకోం అన్నారు. బిబిసిలో ఆ వర్క్‌షాప్ 1958లో నిలబడడానికి కొట్లాడిన డాఫ్నీ ఓరమ్ కూడా ఆడమనిషే. ఏడాది తిరగకముందే ఆమె అక్కణ్ణించి బయటికొచ్చింది.

1963లో 'డాక్టర్ హూ' అనే టీవీ సీరియల్‌కు రాన్ గ్రెయినర్ రాసిచ్చిన రాగాన్ని డీలియా తయారుచేసింది. అప్పటికి ఆ వర్క్‌షాప్‌లో సింథసైజర్ లేదు. ఒక తీగ మీటు, ఆసిలేటర్ల కూత. ఒక్కో స్వరానికి ఒక్కో టేపు ముక్క కొలిచి, కోసి, అతికించడం. రాగం రాసినాయనే ఆమెకు సగం పేరు ఇవ్వాలన్నాడు. సంస్థ నియమాలు ఒప్పుకోలేదు. తెర మీద పడ్డది ఆయన పేరు, వర్క్‌షాప్ పేరు. ఆమె 2001లో చనిపోయింది. అటక మీద 267 టేపులు దొరికాయి. ఆ సీరియల్ తెర మీద ఆమె పేరు పడ్డది 2013లో, యాభై ఏళ్లకు. రేకు డిప్ప దెబ్బను ఆమె తీసేసినట్టే ఆమె చెయ్యిని కూడా తీసేశారు. ఇక్కడ ఆమె మా అవ్వకు చెల్లెలే.

కానీ ఇక్కడే ఆగిపోతే విమర్శ సగమే అవుతుంది. 1964లో బ్యారీ బెర్మాంజ్‌తో కలిసి ఆమె 'ది డ్రీమ్స్' చేసింది. మామూలు జనం తమ కలలు చెప్తుంటారు: పరుగెత్తడం, పడిపోవడం, నీళ్లలో మునగడం. ఆ మాటలను కోసి, తిప్పి తిప్పి అతికించి, కింద ఎలక్ట్రానిక్ ధ్వని పరిచారు. ఒళ్లు జలదరిస్తుంది. ఆ గొంతులెవరివో ఆ రచనలో ఎక్కడా వినపడదు. పేరు పోగొట్టుకున్న మనిషి చేతుల మీదుగానే ఇంకొందరు పేర్లు లేని గొంతులయ్యారు. ఆమెను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కత్తెర పట్టిన చెయ్యి ఎవరిదైనా కావచ్చు, అది కోసేది ఎప్పుడూ కింది వరసనే.

మన దేశం సంగతికి వద్దాం. 1969లో అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్ పెట్టించాడు. మూడు నాలుగేళ్లు అక్కడ ఎలక్ట్రానిక్ సంగీతం నడిచింది. అక్కడ పనిచేసినవాళ్లలో గీతా సారాభాయ్ ఒకరు. 1946లో న్యూయార్క్‌లో జాన్ కేజ్‌కు మన సంగీతం నేర్పి, ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న మనిషి. ఆ టేపులు బీరువాల్లో పడి ఉండి 2023లో రికార్డుగా బయటికొచ్చాయి. దేశంలో తొలి ఎలక్ట్రానిక్ సంగీతంలో ఒక స్త్రీ ఉందని తెలియడం సంతోషమే. ఆమె మిల్లు యజమానుల ఇంటి బిడ్డ. ఆమె పేరు దొరకడానికే యాభై ఏళ్లు పట్టింది. మిల్లులో మగ్గం దగ్గర చెవులు పోగొట్టుకున్న ఆడవాళ్ల చప్పుడు ఏ బీరువాలో వెతకాలె?

జవాబు లాంటిది ఒకటి మన దగ్గరే ఉంది. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. లైసెన్సు రాకముందే వాళ్లు రికార్డు చేసిన టేపులను సంఘం మీటింగుల్లో వినిపించుకునేవాళ్లు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ, వీళ్లు పట్నం సార్లు కారు. చేన్లో కూలి చేసిన చేతులే మైకు పట్టినయి. పాడింది పక్కింటామె. విన్నది కూడా ఆమే. పాట పొద్దుగూకేసరికి గాలిలో తిరిగి వాడకే వచ్చింది. దీన్ని సౌండ్ ఆర్ట్ అని ఏ మ్యూజియం పిలవకపోవచ్చు. నా లెక్కలో డీలియా రేకు డిప్ప పక్కన పెట్టి వినాల్సిన పని ఇది. డీలియాకు చెవి ఉంది, కత్తెర ఉంది, పేరు లేదు. వీళ్లకు పేరూ ఉంది, చప్పుడు తిరిగొచ్చే దారీ ఉంది.

అందుకే మా బడిలో పిల్లలతో చప్పుళ్లు రికార్డు చేయిస్తున్నప్పుడు ఒక్క షరతు పెట్టిన. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది రాయకుండా ఏదీ దాచొద్దు. సూది ఎర్రగీత దాటినా సరే, మెల్లగ కొట్టమని ఎవరికీ చెప్పొద్దు. ఒక పిల్ల వాళ్ల నాయినమ్మ విసుర్రాయి తిప్పడం ఫోన్లో పట్టుకొచ్చి అడిగింది, "సార్, పేరు నాయినమ్మది రాయాల్నా, నాది రాయాల్నా?"

"రెండూ రాయి. ముందు ఆమెది."

పోయిన సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు అవ్వకు నా అబద్ధం సంగతి చెప్పిన. కొంచెంసేపు ఊకున్నది. "ఇప్పుడు ఒక పుస్తకంలో రాస్తున్ననే, నీ పేరు పెడత" అన్న.

"పాట వాళ్లకాడ, పేరు నీకాడనా? అట్లెందుకు కొడుకా. ముందుగాల కాసెట్ తే. నాయిన దెబ్బ ఒకటి గట్టిది పడ్డది గద, అది ఉన్నదో లేదో ఇందాం. ఇన్నంక రాద్దువు."

అందుకే ఈ వ్యాసంలో మా అవ్వ పేరు లేదు. కాసెట్ కోసం తిరుగుతున్నాను.