ఎత్తిరాత

అర్థం చేసుకుంటూ రాసేవాడు పాత రాతప్రతులకు పనికిరాడని నా నమ్మకం. వాక్యం సగం తెలిసేసరికి మిగతా సగం వాడే పూరించేస్తాడు. కనిపించిన అక్షరాన్ని కనిపించినట్టు దించేవాడు కావాలి. అర్థం సంగతి ఆనక చూసుకోవచ్చు. ఇది నాకు ఒంటబట్టింది తాళపత్రాల దగ్గర కాదు, విస్కాన్సిన్‌లో మా పక్కింటావిడ తెచ్చి చేతిలో పెట్టిన జర్మన్ కవితల నోటుపుస్తకం దగ్గర.

రాసినాయన ఆవిడకు ముత్తాత తండ్రి. స్విట్జర్లాండ్‌లోని గ్లారస్ నుంచి వచ్చినవాడు. 1840ల్లో ఆ కొండలోయల్లో నేతపనికి గడ్డుకాలం. సాగుకు నేల తక్కువ, తినే నోళ్ళు ఎక్కువ. అక్కడి వలస సంఘం అమెరికాలో భూమి చూసి రమ్మని ఇద్దరిని పంపింది. వాళ్ళ కబురు అందకముందే, 1845 ఏప్రిల్ 16న, 193 మంది మూటాముల్లే సర్దుకుని బయలుదేరారు. రైన్ నది మీదుగా హాలండ్, అక్కణ్ణుంచి ఓడలో బాల్టిమోర్, మళ్ళీ కాలువలు, నదులు. బయలుదేరినవాళ్ళందరూ చేరలేదు. ఆగస్టులో చేరినవాళ్ళు కట్టుకున్న ఊరే న్యూ గ్లారస్. వీళ్ళ కుటుంబం ఆ వెనకొచ్చిన వాళ్ళలోది.

పుస్తకం బైబిలు పక్కనే ఉండేదట. "పండక్కి బయటికి తీసి అందరికీ చూపించేవాళ్ళు, మళ్ళీ లోపల పెట్టేవాళ్ళు" అంటుంది ఆవిడ. చదివేవాళ్ళు కాదా అంటే, చదవడం ఎవరికొచ్చు అని నవ్వింది. 1917లో అమెరికా జర్మనీతో యుద్ధానికి దిగాక ఆ భాష నోట పలకడమే అనుమానమైపోయింది. పక్కనున్న అయోవాలో గవర్నరు 1918లో చర్చిలోనూ, ఫోనులోనూ కూడా ఇంగ్లీషు తప్ప వేరే భాష వద్దని ఉత్తర్వు వేశాడు. ఆవిడ తండ్రి అప్పటికి పసివాడు. ఇంట్లో పెద్దలు మాట మార్చేశారు. పుస్తకం మాత్రం భద్రం.

కొన్నాళ్ళకు వీళ్ళు స్విట్జర్లాండులోని దూరపు చుట్టాలకు రెండు పేజీలు ఫొటో తీసి పంపారు. వాళ్ళూ చదవలేకపోయారు. భాష తెలుసు, లిపి తెలియదు. అది కురెంట్ అనే పాత జర్మన్ కలిపిరాత. జర్మనీలో 1941 ఉత్తర్వుతో బడుల్లోంచి పోయింది. స్విట్జర్లాండులో అంతకంటే ముందే మూలపడింది.

నా దగ్గరికే ఎందుకొచ్చిందంటే, ఒకసారి మాటల్లో మా తాతగారి కరణీకం గురించి చెప్పాను. ఆయన దస్త్రాలన్నీ గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయే ఆ తెలుగును మా నాన్నే తడుముకుంటూ చదివేవారు. 1984లో కరణాల వ్యవస్థ పోయాక ఆ రాత చదివేవాళ్ళు ఊరికొకరు కూడా మిగల్లేదు. కాలేజీలో నేర్చిన జర్మన్ నాకు కొంత ఉంది. ఆవిడకు ఆ రెండూ కలిసి గొప్ప అర్హతగా కనిపించాయి.

కురెంట్‌లో ఈ, ఎన్ అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి, రెండేసి పొట్టి నిలువు గీతలు. యు కూడా అంతే. కాకపోతే ఎన్ కాదని తెలియడానికి దాని నెత్తిన చిన్న వంపు గీత పెడతారు. రాసేవాడు తొందరలో ఆ వంపు మరిచాడా, మన పని అయినట్టే. ఎస్ మాట మొదట్లోనూ, మధ్యలోనూ పొడుగ్గా నిలబడుతుంది, చివర్న మాత్రం ముడుచుకుంటుంది. అందుకే నేను గీతలు లెక్కపెడతాను. మాటను ఊహించను. పంక్తికి పంక్తి, కొట్టివేతకు కొట్టివేత దించి, తెలియని చోట చుక్కలు పెట్టి ముందుకు పోతాను. నాలుగు పేజీలయ్యేసరికి ఆయన చెయ్యి అలవాటవుతుంది. అప్పుడు వెనక్కెళ్తే సగం చుక్కలు వాటంతటవే నిండుతాయి.

పద్యం కావడం కలిసొచ్చిన సంగతి. మన పరిష్కర్తలు యతి, ప్రాసలు పట్టుకుని పోయిన అక్షరాన్ని నిలబెట్టినట్టే ఇక్కడ అంత్యప్రాస సాయపడుతుంది. జర్మన్ కవితలో పంక్తి చివర గుండె కనబడిందా, రెండు పంక్తుల్లో నొప్పి వస్తుంది. హెర్ట్స్, ష్మెర్ట్స్. ఆ జంటను విడదీసే ధైర్యం మన పెద్దాయనకు లేకపోయింది.

ఇప్పుడు ఈ చేతిరాతలు చదివిపెట్టే సాఫ్ట్‌వేరు వచ్చింది. ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ట్రాన్స్‌క్రిబస్ వాటిలో పేరున్నది. వేల పేజీల చర్చి రిజిస్టర్లకు అదే దిక్కు. ఒక్క మనిషి రాసుకున్న ఒక్క పుస్తకానికి నేను దాన్ని ముందు పెట్టను. అదీ ఊహించే రకమే.

చదవలేనిదాన్ని రహస్యం అనుకోవడం ఇంకో రోగం. స్విస్ రచయిత రాబర్ట్ వాల్సర్ 1956లో పోయాక పెన్సిలు రాతతో నిండిన కాగితం ముక్కలు 526 దొరికాయి. అక్షరం ఎత్తు ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఆయన సంరక్షకుడు కార్ల్ జేలిగ్ అదేదో గూఢలిపి, విప్పడం ఎవరివల్లా కాదు అన్నాడు. తీరా చూస్తే అది మామూలు కురెంటే, చిన్నగా రాసింది. బెర్న్‌హార్డ్ ఎఖ్టె, వెర్నర్ మోర్లాంగ్ ఏళ్ళ తరబడి కూర్చుని దాన్ని దించితే 1985 నుంచి 2000 వరకు ఆరు సంపుటాలొచ్చాయి.

మా పుస్తకానికి అంత చరిత్ర లేదు. సిరా మాత్రం అసలు సిసలుది. మాచికాయ, అన్నభేది, తుమ్మబంక కలిపి చేసినది. రాసినప్పుడు పల్చగా ఉండి గాలి తగిలాక నల్లబడుతుంది. ఏళ్ళు గడిచాక గోధుమరంగుకు తిరిగి, ఒత్తి రాసిన చోట కాగితాన్నే తినేస్తుంది. ఒక పేజీలో ఓ పేరు మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాడు. అక్కడ కాగితం జల్లెడ. ఫొటోలో అది మరక. దీపానికి అడ్డంగా పట్టుకుంటే చిల్లుల వరసే పేరు చెబుతుంది. అది ఆ ఇంట్లో చనిపోయిన పిల్లది. ఈ కాగితాలు ముట్టుకోవడానికి తెల్ల తొడుగులు సినిమాల్లోనే. కడిగి ఆరబెట్టిన చేతులు చాలు. లామినేషనూ, సెల్లోటేపూ మాత్రం దగ్గరికి రానీయకండి.

ఇంట్లో అందరూ తరతరాలుగా చెప్పుకున్నది ఒకటే, ఆయన ఆల్ప్స్ కొండల మీద బెంగతో కవితలు రాశాడని. పుస్తకంలో కొండలు రెండు చోట్ల వస్తాయి. మిగతావి చాలావరకు కొత్త సంవత్సరం శుభాకాంక్షలు, ఇరుగుపొరుగు పెళ్ళిళ్ళు, ఒక ఆవును అమ్ముకున్న బాధ, పేరుపెట్టి తిట్టకపోయినా ఎవరో తెలిసిపోయే ఒక అప్పులవాడి మీద నాలుగు చరణాలు. కవిత్వంగా వీటికి నేను మార్కులు వేయలేను. కానీ మంచి కవి అయితే ఆవు ధర రాసి ఉండేవాడు కాదు. ఇంకో చిత్రం, కురెంట్ మధ్యలో పరభాషా పదం వస్తే దాన్ని మామూలు రోమన్ లిపిలో రాయడం అప్పటి పద్ధతి. అందుకని విస్కాన్సిన్ అన్న మాటా, డాలర్ అన్న మాటా పేజీలో దూరం నుంచే కనిపిస్తాయి. వెనక పేజీలకు వెళ్ళేకొద్దీ అవి పెరుగుతాయి.

వచ్చే వేసవిలో కుటుంబమంతా కలుస్తోంది. ఇంగ్లీషులో చిన్న పుస్తకం వేసి పంచాలని ఆలోచన. తప్పులు దిద్దుదామని ఒకరు, కొండల కవితలు ముందు పెడదామని ఒకరు. అప్పులవాడి మనవలు ఇంకా అదే ఊళ్ళో ఉన్నారు కాబట్టి ఆ నాలుగు చరణాలు తీసేద్దామని ఇంకొకరు. "మీరేమంటారు?" అని ఆవిడ అడిగింది. పుస్తకం మీది, ఏం వేసుకున్నా మీ ఇష్టం అన్నాను. నేను దించిన ప్రతిలో మాత్రం అన్నీ ఉన్నాయి, వరస మార్చలేదు, పేజీల అంకెలు కూడా వేశాను.