దేవదుర్గ తాలూకా జనస్థితి : లెక్కల విమర్శ

కర్ణాటక రాష్ట్రమునందలి 175 తాలూకాలను వరుసగా నిలిపి, ఏది ముందు, ఏది వెనుక అని తేల్చిన నివేదిక 2002వ సంవత్సరమున వెలువడినది. ఆర్థికశాస్త్రజ్ఞులు డాక్టరు డి. ఎం. నంజుండప్పగారి అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతాధికార సంఘము దానిని సిద్ధపరచినది. వ్యవసాయము, పరిశ్రమలు, రహదారులు, విద్య, వైద్యము మొదలగు విషయములకు సంబంధించిన 35 సూచకములను కూర్చి, రాష్ట్రపు సగటును 1గా గ్రహించి, ప్రతి తాలూకాకును ఒక అంకము కట్టినారు. రాయచూరు జిల్లాలోని దేవదుర్గకు వచ్చినది 0.53. అంతకంటె తక్కువ అంకము మరి ఏ తాలూకాకును రాలేదు. ఆ దినము మొదలుకొని 'రాష్ట్రమున అత్యంత వెనుకబడిన తాలూకా' అను మాట ఉపన్యాసములందును, పత్రికలందును దేవదుర్గకు బిరుదువలె అంటుకొన్నది.

ఆ అంకము తప్పని చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము కాదు. నివేదిక చేసిన మేలు సామాన్యమైనది కాదు. అంతవరకు 'వెనుకబాటు' అనునది ఎవరి నోట వారికి తోచిన మాట. నంజుండప్పగారి సంఘము దానిని తూచదగిన వస్తువుగా మార్చినది. 39 తాలూకాలు అత్యంత వెనుకబడినవని పేరుపేరున చెప్పి, ఎనిమిదేండ్లలో 31,000 కోట్ల రూపాయలు వెచ్చింపవలెనని సిఫారసు చేసినది. పూర్వపు హైదరాబాదు సంస్థానమునకు చెందిన కన్నడ జిల్లాలకు ప్రత్యేక ప్రతిపత్తి కల్పించిన 98వ రాజ్యాంగ సవరణమును 2012లో పార్లమెంటు ఆమోదించినపుడు, అందుకు కావలసిన వాదబలములో ఈ నివేదికకు మంచి భాగమే కలదు. అయినను విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. 0.53 అనునది దేవదుర్గ అను స్థలమును గూర్చిన అంకమా, అందు నివసించు జనమును గూర్చిన అంకమా?

సూచకములను విప్పి చూచినచో సమాధానము దొరకును. ఆరోగ్యమునకు సంఘము ప్రధానముగా గైకొన్నవి పదివేలమందికి ఎందరు వైద్యులు, పదివేలమందికి ప్రభుత్వాసుపత్రులలో ఎన్ని పడకలు అను లెక్కలు. ఇవి ఆరోగ్యమును కొలుచునవి కావు. ఆరోగ్యమునకై కట్టిన ఏర్పాట్లను కొలుచునవి. మంచము ఉన్నంత మాత్రమున దానివరకు రోగి చేరుననియు, చేరినవాడు తన బాధను తన భాషలో చెప్పుకొనగలడనియు ఎట్లు నమ్ముట? విద్యా విషయమున ఇట్టిదే మరియొకటి కలదు. ఒక ఉపాధ్యాయునికి ఎందరు పిల్లలు అను నిష్పత్తిని తీసికొన్నారు. కూలికై తలిదండ్రులు ఊరు విడిచిపోవుచు పిల్లలను వెంటగొనిపోయి, క్రమముగా వారి పేర్లు బడి పట్టీనుండి తొలగినచో ఈ నిష్పత్తి తగ్గును. తగ్గినది గనుక బడి బాగుపడినట్లు కాగితముపై కనిపించును. సంఘమువారు బడి వెలుపలనున్న పిల్లల శాతమునుగూడ లెక్కలో చేర్చినారు గనుక ఈ దోషము కొంత సవరింపబడినదని ఒప్పుకొనుట న్యాయము. వైద్యము విషయమున అట్టి సవరణ కానరాదు.

అన్నిటికంటె బోధప్రదమైనది త్రాగునీటి సూచకము. దినమునకు తలకు 40 లీటర్ల నీరు అందు జనావాసములు నూటికి ఎన్ని అని వారు చూచినారు. ఎంత నీరు అని అడిగినారు. ఎట్టి నీరు అని అడుగలేదు. రాయచూరు జిల్లాలో ఈ రెండవ ప్రశ్నయే ప్రాణప్రశ్న. పొరుగున లింగసుగూరు తాలూకాలో హట్టి బంగారు గనులు కలవు. ఆ బంగారపు శిలలు వ్యాపించిన నేలలో భూగర్భజలమున ఆర్సెనిక్ అను విషధాతువు కలదని ఈ శతాబ్దమున జరిగిన పరీక్షలలో తేలినది. ఫ్లోరైడు బాధ అంతకుముందే తెలిసినది. బోరుబావి ఎంత ధారాళముగా పోసినను అట్టి నీరు 40 లీటర్ల లెక్కకు 'సౌకర్యము' గానే వచ్చును. 2023వ సంవత్సరము మే నెలలో దేవదుర్గ తాలూకా రేకలమరడి గ్రామమున కలుషితమైన నీరు త్రాగి పలువురు ఆసుపత్రి పాలైనారు. ఒక బాలుడు మరణించినాడు. ఆ ఊర నీరు లేకపోలేదు. నీరు వచ్చుచుండుటచేతనే ఆ ప్రమాదము వచ్చినది. 2019లో ఆరంభమైన జలజీవన్ పథకము 55 లీటర్లు అని పరిమాణముతోపాటు నాణ్యమును, నిలుకడను గూడ నిబంధనగా చేర్చుట సరియైన దిద్దుబాటు. అయితే ఆ నిబంధన ఏడాది పొడవున నీటిని పరీక్షించువారు ఉన్నచోటనే ప్రాణముతో నుండును.

2018లో కేంద్రప్రభుత్వము 112 ఆకాంక్షిత జిల్లాలను ఎంచినపుడు కర్ణాటకమునుండి చేరినవి రాయచూరు, యాదగిరి. ఇందు ఆరోగ్యపోషణములకు నూటికి 30 పాళ్లు, విద్యకు 30, వ్యవసాయ జలవనరులకు 20, ఆర్థిక సేవలకును నైపుణ్యమునకును 10, మౌలిక వసతులకు 10 కేటాయించినారు. నంజుండప్ప సూచికకంటె ఇది ముందడుగు. గర్భిణుల నమోదు, శిశువుల తూకము, టీకాలు మొదలగునవి ఇందు చోటుచేసికొన్నవి. భద్రతకు మాత్రము ఒక్క పాలైనను లేదు. దేవదుర్గ ఉత్తరపు అంచున కృష్ణానది ప్రవహించును. 2019 ఆగస్టులో నారాయణపురము ఆనకట్టనుండి విడిచిన నీటికి హూవినహెడిగి వంతెన మునిగి, దేవదుర్గకును అవతలి గట్టుననున్న షాహాపురమునకును రాకపోకలు తెగినవి. వంతెన ఉన్నదని వ్రాసికొను సూచకము, అది ఏటికి ఎన్ని దినములు నీటిలో నుండునో వ్రాసికొనదు. వరిమళ్లలోను, ప్రత్తిచేలలోను పనిచేయువారికి పాముకాటు నిత్యభయము. దానిని విధిగా నమోదు చేయవలసిన వ్యాధిగా కర్ణాటక ప్రభుత్వము ప్రకటించినది 2024లో. అంతకుముందు పొలముగట్టున పోయిన ప్రాణములు ఏ పట్టికకును విధిగా ఎక్కవలసిన పని లేకపోయెను.

ఇక జనసంఖ్య. 2011 జనగణన ప్రకారము రాయచూరు జిల్లా జనసంఖ్య 19,28,812. అక్షరాస్యులు నూటికి 59.56, రాష్ట్రమున 75.36. వేయిమంది పురుషులకు సరిగా వేయిమంది స్త్రీలు. రాష్ట్రపు సగటు 973. ఈ చివరి అంకమును చూచి, స్త్రీల స్థితి ఇచట మెరుగని చెప్పుటకు ఉత్సాహపడువారుందురు. కాని గణన జరిగిన కాలమును గుర్తుంచుకొనవలెను. అది 2011 ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు సాగినది. పంట ఇంటికి చేరి, మెట్టపొలములలో పని ముగిసి, దేవదుర్గ కూలివారు బెంగుళూరునకో, పూనాకో, బొంబాయికో కట్టడపు పనులకు పోయియుండు కాలమది. ఈ వలసను అక్కడివారు 'గుళే' అందురు. గణనకాలమంతయు ఊరలేని మనిషిని అతడు దొరికినచోట వ్రాసికొనుట జనగణన నియమము. కనుక ఇంటికి తాళమువేసి పోయిన కుటుంబము దేవదుర్గ లెక్కలో లేదు. పురుషులు మాత్రమే పోయిన ఇండ్లలో స్త్రీల సంఖ్య హెచ్చుగా కనిపించును. వేయికి వేయి అను సమతలో స్త్రీల ఆయుర్దాయమెంతయో, పురుషుల పరోక్షమెంతయో విడదీసి చెప్పుటకు ఆ పట్టిక ఒక్కటే చాలదు. పైగా 2011 తరువాత జిల్లాలో మస్కి, సిరవార వంటి కొత్త తాలూకాలు ఏర్పడినవి. పాత అంకములను కొత్త సరిహద్దులకు అన్వయించునపుడు మిక్కిలి జాగరూకత కావలెను.

సరిహద్దు మారినంతనే జనస్థితి మారినట్లు కనిపించుటకు ఈ జిల్లా చరిత్రయందే గొప్ప ఉదాహరణము కలదు. 1956 అక్టోబరు 31 వరకు దేవదుర్గయు, గద్వాలయు, ఆలంపురమును ఒకే రాయచూరు జిల్లాలోనివి. మరునాడు గద్వాల, ఆలంపురము ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబునగరమునకు చేరినవి. తక్కినది మైసూరు రాష్ట్రమున కలిసినది. ఆ రాత్రి ఒక్క తెలుగు కుటుంబమును మూట కట్టలేదు. అయినను జిల్లాలో తెలుగువారి పాలు ఒక్క పెట్టున క్షీణించినది. అంతకు ఆరువందల యేండ్లకు పూర్వము, 1294లో, కాకతీయుల సేనాని గోరె గన్నయరెడ్డి రాయచూరు కోట కట్టించినట్లు తెలుపు శాసనము తెలుగుననే ఆ కోటగోడమీద నేటికిని నిలిచియున్నది. రాష్ట్రముల పునర్విభజన తప్పని దీని భావము కాదు. తెలుగువారు ఈ అంతర్వేదిలో అల్పసంఖ్యాకులైనది రాకచేత మాత్రమే కాదు, గీతచేత గూడ అని మాత్రమే.

మరి ఆ తెలుగువారి ఆరోగ్యమెట్లున్నది? ఏ ప్రభుత్వ నివేదికయందును ఇందుకు సమాధానము దొరకదు. జనగణన పట్టికలు తాలూకావరకు మాతృభాషను చెప్పును. జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము జిల్లావరకు శిశువుల ఎదుగుదలను, తల్లుల రక్తహీనతను చెప్పును. జిల్లాకు కొన్ని వందల ఇండ్లను మాత్రమే అడుగు సర్వేక్షణము ఒక తాలూకాలోని ఒక భాషవారిని గూర్చి చెప్పజాలదు, చెప్పినను నమ్మరాదు. ఒక పట్టిక భాషను చూచును, మరియొకటి దేహమును చూచును, రెండును కలిసికొనవు. భాషను చూచు పట్టికయందును చిక్కులున్నవి. తండాలలోని లంబాణీల భాష అచ్చు పుస్తకమున హిందీ క్రింద చేర్చబడినది. రాళ్లు కొట్టి, బావులు త్రవ్వి జీవించిన వడ్డెరల భాష 'వడారి' అను పేర తెలుగు క్రింద చేరినది. ఇది శాస్త్రముచేత సమంజసమే. అయితే తెలుగు సంఘములవారు తమ సంఖ్యను చెప్పుకొనునపుడు ఈ వడ్డెరలనుగూడ కలిపి చెప్పుకొని, సభకు పిలుచునపుడు మరచిపోవుట కలదు.

ఈ మాట కొంచెము కటువుగా నున్నను చెప్పక తప్పదు. రాయచూరు జిల్లా తెలుగువారనగానే పట్టణములలోని సంఘములకు కనిపించువాడు తుంగభద్ర ఎడమకాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతములలో 'క్యాంపు'లు కట్టుకొని, రేగడినేలను వరిమడిగా మార్చిన కోస్తా రైతు. అతని కృషి ప్రశంసనీయము. కాని నారాయణపురము కుడికాలువ నీరు పారు దేవదుర్గ పొలములలోనైనను, మరెచటనైనను తెలుగు మాటాడువారందరును అతనివంటివారు కారు. తరతరములుగా కన్నడము, తెలుగు రెండును ఇంటిభాషలుగా గల పాత కాపురస్థులు కలరు; వడ్డెరలు కలరు; కృష్ణకావల పాలమూరు సీమనుండి పనికాలమున వచ్చి పోవు కూలివారు కలరు. కారు గల రైతు ఇంటి బిడ్డకును, గుడిసెలో కాలువనీరు త్రాగు కూలివాని బిడ్డకును కలిపి 'తెలుగువారి సగటు' కట్టినచో ఆ సగటు ఇరువురిలో ఎవరికిని సరిపడదు. నంజుండప్ప నివేదికను తాలూకా సగటు కట్టినదని తప్పుపట్టువారు, భాషా సగటు కట్టి అదే తప్పును చేయుట తగదు.

ఈ లెక్కలు కేవలము పండితుల వినోదము కాదు. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని చెప్పుచున్నది. ఆచరణకు వచ్చుసరికి, 1949నాటి విద్యామంత్రుల సమావేశమునందలి తీర్మానమును బట్టి, బడిలో 40 మంది గాని తరగతిలో 10 మంది గాని అట్టి పిల్లలుండవలెను. క్యాంపులో తొమ్మిదిమంది పిల్లలున్నచో తెలుగు లేదు. పదవవాడు గుళేనుండి తిరిగివచ్చినచో ఉన్నది. మాతృభాష ఏదో నిర్ణయించువారు తలిదండ్రులే యని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తలిదండ్రుల మాటయే ప్రమాణమైనపుడు వారి నోట ఏ మాట వచ్చునో ముఖ్యమగును. రెండు భాషలు సమముగా తెలిసిన కూలివాడు, అడిగినవాడు కన్నడమున అడిగినందున కన్నడమనియే చెప్పుట అబద్ధమాడుట కాదు, మర్యాద పాటించుట. ఆ మర్యాదయే పట్టికకెక్కి పదియవ బిడ్డను తొమ్మిదవవానితో ఆపుచున్నది.

ప్రాంతీయ అసమానతలను మరల పరిశీలించుటకు 2024లో కర్ణాటక ప్రభుత్వము ఆచార్య ఎం. గోవిందరావుగారి అధ్యక్షతన మరియొక సంఘమును నియమించినది. ఎన్ని సంఘములు వచ్చినను, వాని చేతికి అందు మూలలెక్కలు మారనిదే ఫలము మారదు. అవి మారుటకు తెలుగు సంఘములు చేయదగిన పని ఒకటి కలదు. అది వేయి ఇండ్లకు మించని పని. దేవదుర్గ తాలూకాలో తెలుగు మాటాడు ఇండ్లను ఒకమారు ఫిబ్రవరిలోను, మరల ఆగస్టులోను దర్శించి, ఇంట ఉన్నవారెందరు, పోయినవారెచటికి, త్రాగు నీరు ఏ బోరుది, అయిదేండ్లలోపు పిల్లలెందరు, వారి టీకాల చీటీ ఏ ఊర నున్నది, గడచిన ఏట ఎవరు ఏ కారణమున మరణించిరి అని వ్రాసికొనుట. రైతు ఇల్లు, కూలివాని గుడిసె వేరువేరు పుటలలో నుండవలెను. అడుగువారు కన్నడ పొరుగిండ్లనుగూడ అడిగిననే పోల్చి చూచుటకు వీలుండును. నీటిలోని విషము భాష నెరుగదు గదా.

వాయిదా పడిన జనగణనకు 2027 మార్చి 1 ప్రమాణదినమని 2025 జూనులో ప్రకటన వెలువడినది. అనగా ఇండ్లకు వచ్చుట మరల ఫిబ్రవరిలోనే. గృహస్థులు స్వయముగా వివరములు నింపుకొను సౌకర్యము ఈమారు కలదు. చదువు వచ్చినవానికి అది ఉపయోగపడును. గుళే పోయినవాని దేవదుర్గ ఇంటికి ఆ నెలలోను తాళమే యుండును. బెంగుళూరులో సగము లేచిన మేడ క్రింద, సిమెంటు బస్తాల నడుమ, అతని పేరు వ్రాసికొనువాడు మాతృభాష అని అడుగునపుడు అతడు ఏమి చెప్పునో, ఆ మాట ఏ జిల్లా పుటలో చేరునో, దేవదుర్గ బడిలోని పట్టికకు అది ఎన్నడును తెలియదు.