దోసెడు గింజల లెక్క

రంజాన్ వచ్చిందంటే పత్రికలకు హైదరాబాద్ పాతబస్తీ అంటే హలీం బట్టీలే. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన వంటకం అది, ఆ కీర్తికి తగినదే. కానీ ఆ నెలలో నేను ఎక్కువగా మెచ్చుకునే పనితనం బట్టీ దగ్గర కనిపించదు. అది ఒక లెక్కలో ఉంది. ఒకరు మానుకున్న తిండికీ ఇంకొకరికి అందే తిండికీ మధ్య వేసిన ముడి ఆ లెక్క. పండుగకు ముందు తలకింతని పేదలకిచ్చే ఫిత్రా, ఉండలేని ఉపవాసానికి బదులుగా ఇచ్చే ఫిద్యా అని రెండు పేర్లతో ఇంటింటా నడుస్తుంది.

ఇలాంటి ముడి వేయాలని లోకంలో చాలామంది ప్రయత్నించారు. అమెరికాలో బరువు తగ్గే పోటీల టీవీ కార్యక్రమం ఒకటి 2009లో ఓ సవాలు విసిరింది. మీరు తగ్గుతామని మాటిచ్చే ప్రతి పౌను బరువుకూ, పేదల కోసం సరుకులు సేకరించే ఆహార బ్యాంకులకు ఒక పౌను సరుకు చేరేంత డబ్బు ఇస్తామన్నారు. అక్కడి ఊళ్లలో ఇరుగుపొరుగువారు జట్లు కట్టి బరువు తగ్గుతూ, చందాలు పోగుచేసి స్థానిక ఆహార కేంద్రాలకు ఇవ్వడం ఇప్పటికీ ఉంది. మన మేడారంలో దారి వేరు. అక్కడ మనిషి తన నిలువెత్తు బెల్లం తూచి తల్లులకు సమర్పిస్తాడు. ఒకచోట తగ్గుతామన్న బరువు కొలత అయితే, ఇంకోచోట ఉన్న బరువే కొలత. రెండింటిలోనూ మనిషి ఒళ్లే తక్కెడలోకి ఎక్కుతుంది. ఫిత్రా లెక్కను అమర్చినవారు ఆ తక్కెడను పక్కన పెట్టారు.

కొలత ఎలా ఉందో చూడండి. మూల ప్రమాణం ఒక సా. సా అంటే నాలుగు ముద్‌లు. మధ్యరకం మనిషి రెండు అరచేతులూ కలిపి పట్టినప్పుడు నిండే గింజలు ఒక ముద్. అంటే తలకు నాలుగు దోసిళ్లు. కొలపాత్ర లేని ఇల్లు ఉండొచ్చు గాని చేతులు లేని ఇల్లు ఉండదు కదా. ఇది పట్టే కొలతే తప్ప తూకం కాదు కాబట్టి కిలోల్లోకి దించేటప్పుడు పండితుల లెక్కల్లో కాస్త తేడాలొస్తాయి. హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో గోధుమలైతే సగం సా, బార్లీ, ఖర్జూరం, ఎండుద్రాక్షలైతే పూర్తి సా. సరుకుకు బదులు దాని ధర ఇచ్చినా చెల్లుతుంది. అందుకే ఏటా రంజాన్ వేళకు జామియా నిజామియా ఇస్లామీ విద్యాసంస్థ ఈ ఏటి ఫిత్రా ఇంత అని రూపాయల్లో ప్రకటిస్తుంది. గోధుమ ధరకు ఒక మొత్తం, ఎండుద్రాక్ష ధరకు దానికి ఎన్నో రెట్ల మొత్తం. కూలి చేసుకునే ఇల్లు గోధుమ లెక్కన ఇస్తే, స్తోమత ఉన్న వ్యాపారి ద్రాక్ష లెక్కన ఇవ్వొచ్చు. ఒకే విధి, ఎవరి అంతస్తుకు తగ్గ మెట్టు వారికి. దీన్ని అమర్చినవారికి మనుషుల జేబులు బాగా తెలుసు.

తలలు లెక్కపెట్టే తీరులో ఇంకో నేర్పు ఉంది. పండుగ తెల్లవారకముందు పుట్టిన పసికందు పేరున కూడా తండ్రి ఫిత్రా తీస్తాడు. ఆ బిడ్డ ఒక్క రోజా ఉండలేదు, ఒక్క పూట పస్తు ఎరగదు. అయినా ఆ బిడ్డ వంతు గింజలు ఇంకో ఇంటికి చేరాలి.

బర్కస్ వైపు వెళితే ఇదే లెక్క కొంచెం మారుతుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు, వారిది షాఫయీ సంప్రదాయం. ఆ పద్ధతిలో ఫిత్రా అంటే ఆ ప్రాంతం వాళ్లు రోజూ తినే ధాన్యమే, పూర్తి సా. మన దగ్గరైతే బియ్యం. ఇవ్వాల్సినవారు ఎవరంటే, పండుగ రాత్రికీ పగటికీ తనకూ తనవాళ్లకూ సరిపోయే తిండికి మించి ఏమైనా ఉన్న ప్రతివారూ. అంటే పండుగకు ముందు ఒకరి నుంచి బియ్యం అందుకున్న పేదవాడు, తన అవసరానికి మించి మిగిలితే, తానూ ఇచ్చేవాడవుతాడు. దానాల చరిత్రలో పుచ్చుకునేవాడి చేతిని ఇంత గౌరవంగా తిప్పి పెట్టిన ఏర్పాటు నాకు ఎక్కువగా కనిపించలేదు.

ఇక గడువు. ఈద్ నమాజుకు ముందే ఫిత్రా చేరిపోవాలి. ఆ తర్వాత ఇస్తే అది మామూలు దానం కిందే జమ అని హదీసు మాట. కొన్ని రోజులు ముందే ఇచ్చేయడానికి వీలుంది. జనం మీరాలం ఈద్గాకు కదిలే వేళకు ఈ పని ముగిసి ఉండాలి. ఎందుకో పేదింటి వంటగదిలో నిలబడి ఆలోచిస్తే తెలుస్తుంది. నమాజయ్యాక డబ్బు చేతికొస్తే ఆ ఇల్లాలు సేమియా, చక్కెర, పాలు ఎప్పుడు తెచ్చుకోవాలి, షీర్ ఖుర్మా పొయ్యి మీదికి ఎప్పుడు ఎక్కాలి?

ఫిద్యా దగ్గరకొచ్చేసరికి ఈ పనితనం నాకు అసలు అందం చూపిస్తుంది. ముసలితనం వల్లో, నయంకాని జబ్బు వల్లో ఉపవాసం ఉండలేనివారు, వదిలిన ప్రతి రోజాకూ ఒక పేదకు తిండి పెట్టాలి. ఖురాన్ రెండో అధ్యాయంలోనే దీనికి ఆధారం ఉంది. చక్కెర జబ్బు ముదిరి, వైద్యులు వద్దన్న ఒక వృద్ధురాలిని తలుచుకోండి. ముప్పై రోజాల నెలలో ఆమె ఉండలేని ముప్పై రోజులకూ, రోజుకొక పేద చొప్పున తిండి వెళ్తుంది. అదే మామూలు జ్వరమో ప్రయాణమో అయితే ఫిద్యా చాలదు, ఆ రోజాలు తర్వాత ఉండి తీర్చాల్సిందే. డబ్బున్నవారు ఉపవాసాన్ని కొనేసుకోకుండా ఆ గడియ బిగించారు.

బరువు తగ్గే సవాలులో తగ్గుతానని మాటివ్వగలిగితేనే అన్నం పుడుతుంది. మాటివ్వలేనివారి నుంచి ఏమీ రాదు. ఇక్కడ చేతకానితనం నుంచి కూడా అన్నం పుడుతుంది. ఉపవాసం ఉండగలిగినవారి ఫిత్రా వెళ్తుంది, ఉండలేనివారి ఫిత్రాతో పాటు ఫిద్యా కూడా వెళ్తుంది. ఆకలిగా ఉన్న మనిషి భోజనాన్ని ఇచ్చేవాడి దేహబలానికి ముడిపెట్టలేదు.

అయితే ఫిత్రా ఏడాదికోసారి వచ్చేది. ఆకలి రోజూ మధ్యాహ్నం వస్తుంది. ఆ వెలితి ఎలా పూడుతుందో చూడాలంటే దబీర్‌పురా వంతెన కిందికి వెళ్లాలి. ఇళ్లకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పనులు చేయించే అజహర్ మక్సూసీ 2012లో దబీర్‌పురా రైల్వే స్టేషన్ దగ్గర ఆకలికి ఏడుస్తున్న ఒక స్త్రీని చూసి తన టిఫిన్ డబ్బా ఇచ్చేశారు. నాలుగేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకుని పస్తులు చూసినవారాయన. మొదట భార్య ఇంట్లో వండితే పట్టుకెళ్లి కొద్దిమందికి పెట్టేవారు. తర్వాత వంటే వంతెన దగ్గరికి చేరింది. ఆకలికి మతం లేదన్నది ఆయన మాట.

ఆ పనిలో ఆడంబరం లేదు, అన్నమూ పప్పూ అంతే. అందులోనే తెలివి ఉంది. పది మంది ఎక్కువొస్తే పప్పు సాగుతుంది, కూర సాగదు. రోజూ అదే చోటు, అదే మధ్యాహ్నం వేళ. రేపు ఉంటుందో లేదో అన్న బెంగతో ఎవరూ రొట్టెముక్క కొంగులో దాచుకోనక్కర్లేదు. ఒకరోజు బిర్యానీ పెట్టి పది రోజులు మాయమయ్యే దాతృత్వం కంటే ఈ విసుగులేని పప్పన్నం ఎన్నో రెట్లు గొప్ప పని అని నా నమ్మకం.

పాతబస్తీ యువకులు ఎవరైనా బరువు తగ్గే పందెం పెట్టి ఇలాంటి వంటశాలకు సాయం చేద్దామనుకుంటే చాలా సంతోషం. అయితే డబ్బు పందెం చివర కాకుండా మొదటిరోజే కట్టించుకోవాలి. నడక మానిన ప్రతిరోజుకూ ఒక భోజనం అదనంగా రాసుకోవాలి. ఎవరు ఎన్ని కిలోలు తగ్గారో నెలాఖరున తేలుతుంది. వంట చేసేవారికి మాత్రం బియ్యం ఒకటో తారీఖునే కావాలి.