ఒక్క ప్రాణమే ఇచ్చాను

మొన్న ఆదివారం నా ఫోను తనంతట తానే ఒక వీడియో కూర్చి పెట్టింది. పేరు ‘సముద్రం, సరదాలు’. భీమిలి బీచిలో పిల్లలు ఇసుక గూళ్లు కడుతున్నారు, అలలకు జడిసి పరుగెడుతున్నారు. మధ్యలో ఆరు సెకన్లు మా అమ్మమ్మ అస్థికలు కలుపుతున్న మావయ్య. వెనక హుషారుగా డప్పుల మోత. తప్పు పట్టడానికీ లేదు: నీళ్లున్నాయి, నీళ్లలో మనవాళ్లున్నారు. దానికి కనబడింది అంతే.

డాక్యుమెంటరీల ఎడిటింగే నా బతుకుతెరువు. ముక్కలు కత్తిరించి అతకడం యంత్రానికి అప్పజెప్పొచ్చా అని అప్పటికే ఒక ప్రయోగంలో ఉన్నాను. జర్మన్ కళాకారుడు ఫ్లోరియన్ థాల్‌హోఫర్ 2000లో మద్యం గురించిన పని చేస్తూ ‘కోర్సకోవ్’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసుకున్నాడు. అతిగా తాగేవాళ్లకు వచ్చే మతిమరుపు జబ్బు పేరది. ఆ రోగులు గుర్తులేని చోట్లను కథలతో పూడ్చుకుంటారు. పేరు భలే కుదిరింది. ఇందులో ప్రతి ముక్కకూ లోపలికి రావడానికొక మాట, బయటికి పోవడానికొక మాట తగిలిస్తాం. ఈ ముక్క బయటి మాట ఏ ముక్కల లోపలి మాటతో కలిస్తే అవి తెర మీదికొస్తాయి, చూసేవాళ్లు ఒకటి నొక్కుతారు. అంత్యాక్షరి ఆడినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

మా ఊరి పెద్దల చేత చెప్పించిన నలభై ముక్కలు ఎక్కించాను. అన్నిటికీ ‘నీళ్లు’ అని తగిలిస్తే ఏది నొక్కినా ఏదో ఒకటి వచ్చిపడేది. చెత్తబుట్ట బోర్లించినట్టు.

అప్పుడు పరిశోధకుడు స్టెఫానో బొక్కోని చేసిన పని గుర్తొచ్చింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరవాత అమెరికన్లతో తీసిన ఇంటర్వ్యూల మీద, 2006 నాటి తన పరిశోధనలో, ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేస్తూ, ఎవరి మాట ఎవరిని బలపరుస్తుందో, ఎవరిని కాదంటుందో యంత్రానికి తెలిసేలా గుర్తులు పెట్టాడు. నేనూ ‘నీళ్లు’ తీసేసి ‘బావి ఎవరిది’ అని పెట్టాను. “తవ్వించింది మా తాత” అన్న ముక్క పక్కకు “తవ్వింది మేము, పేరు ఆయనది” అన్న ముక్క వచ్చి నిలబడింది. ఆ గుర్తులు పెట్టడానికే పదకొండు రోజులు పట్టింది. చేత్తో కోసుంటే వారంలో అయ్యేది.

కోర్సకోవ్‌లో ముక్కలకు ప్రాణాలు కూడా ఇస్తాం, వీడియో గేములో లాగ: ఎన్నిసార్లు కనబడొచ్చో ఆ లెక్క. ఫోను పెట్టిన డప్పులు తీసేసి, అమ్మమ్మ అస్థికల ఆరు సెకన్లనూ ఇందులో చేర్చి, ఆ ముక్కకు ఒక్క ప్రాణమే ఇచ్చాను.

మావయ్య చూస్తుంటే సరిగ్గా ఆ ముక్క వచ్చినప్పుడే వాకిట్లో ఎవరో పిలిచారు. తిరిగొచ్చేసరికి అయిపోయింది.

“కాస్త వెనక్కి తిప్పరా అబ్బాయ్.”

“తిరగదు మావయ్యా, మొదట్నుంచీ చూడాలి.”

చూశాడు. ఈసారి బావి వైపు పోకుండా మామిడితోట వైపు నొక్కుకుంటూ పోయాడు. ఆ ముక్క రానేలేదు.