బెండు విప్పే రోజు

మా నాన్న నాకు దిగుడుబావిలో ఈత నేర్పాడు. జీలుగు బెండ్లు నాలుగు తాడుకి గుచ్చి నా నడుముకి కట్టేవాడు. కాళ్లు కాస్త కుదురుగా ఆడుతున్నాయనిపిస్తే ఒక బెండు విప్పి నా చేతికే ఇచ్చి, మెట్టు మీద పెట్టి రమ్మనేవాడు. అలా ఒక్కొక్కటీ నేనే ఒడ్డుకి చేర్చాను.

ఇప్పుడు నా కూతురికి రెండున్నరేళ్లు. హైదరాబాద్‌లో అమ్మానాన్నలు పిల్లలతో కలిసి నీళ్లలో దిగే క్లాసుకి ప్రతి ఆదివారం దాన్ని తీసుకెళ్తున్నాను. సంచిలో ఓ పచ్చ బంతి, నీళ్లలో మునిగే రబ్బరు రింగులు, ఇంట్లోంచి తెచ్చిన చిన్న చెంబు ఉంటాయి.

వాటిలో నాకు చెంబు అంటే ప్రాణం. "ఒకటి, రెండు, మూడు" అని, మూడుకి నీళ్లు పోస్తాను. మొదట భుజం మీద, కొన్నాళ్లకి తల వెనక, ఆ తర్వాతే నుదుటి మీద. నాలుగో వారానికి "మూడు" అనగానే అది పెదాలు బిగించి ఊపిరి ఆపడం మొదలుపెట్టింది. పసిదాన్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని లాలపోసేటప్పుడు మా అమ్మ నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టేది. ఇప్పుడు ఆ చెయ్యి చేసే పని పిల్ల తనంతట తనే చేసుకుంటోంది.

ఇక బంతి. భుజాలదాకా నీళ్లలో దిగి, నా గడ్డం పిల్ల గడ్డానికి సమానంగా పెట్టి, దాన్ని చంకల కింద పట్టుకుంటాను. బంతి దాని ముందు జానెడు దూరంలో ఉండాలి. మరీ దూరం పోతే ఆశ వదిలేస్తుంది. నేను లేచి నిలబడితే నా ముఖం కోసం తలెత్తుతుంది, తల లేవగానే కాళ్లు కిందికి దిగిపోతాయి. నేను వంగి ఉన్నంతసేపూ నీళ్ల మీద చాపలా పరుచుకుని కాళ్లాడిస్తుంది.

గాలి ఊదిన ఆర్మ్‌బ్యాండ్లు కూడా కొన్నాళ్లు వేశాను. 1964లో జర్మనీలోని హాంబర్గ్‌లో బెర్న్‌హార్డ్ మార్క్విట్స్ అనే ఆయన వాటిని తయారుచేశాడు. కూతురు కొలనులో పడి తృటిలో బతికి బయటపడ్డాక, ఆ తండ్రి భయంలోంచి పుట్టిన వస్తువది. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. కానీ అవి పిల్లని నీళ్లలో నిలువుగా నిలబెడతాయి. ఈతకి కావలసింది అడ్డంగా సాగడం.

ఒకరోజు అవి విప్పేసి తువ్వాలు అందుకుంటున్నాను. పిల్ల మళ్లీ నీళ్లలోకి దూకేసింది. చేతులకి ఏమీ లేవన్న సంగతి దానికి పట్టలేదు, ఎప్పటిలా తేలతాననుకుంది. కేక లేదు, చప్పుడు లేదు, అలా కిందికి వెళ్లిపోయింది. పక్కనే ఉన్నాను కాబట్టి మరుక్షణంలో పైకి లాగాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఏడాది నిండాక చాలామంది పిల్లలకి ఈత పాఠాలు మొదలుపెట్టొచ్చని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. పసివాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలనీ, గాలి ఊదిన బొమ్మలు లైఫ్‌జాకెట్‌కి బదులు కావనీ కూడా అదే సంస్థ హెచ్చరిస్తోంది. నాకు అర్థమైనదీ అదే. బొమ్మ పిల్లకి పని చెప్పాలి. పిల్ల పనినీ, నా పనినీ అది తన మీద వేసుకోకూడదు.

క్లాసు అయ్యాక మా కోచ్ ఒక్క బొమ్మనీ నీళ్లలో ఉండనివ్వరు. తేలే బంతి కనబడితే ఎవరూ లేనప్పుడు ఏ పసివాడో చెయ్యి చాపుతాడు. అందుకే ఏరే పని పిల్లలకే అప్పజెప్పారు. మా అమ్మాయి ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో రింగులు బకెట్లో వేస్తుంది. వేస్తూ వేస్తూ గోడ పట్టుకోవడం నేర్చుకుంది. ఆఖరి రింగు పడ్డాక నా వైపు చూస్తుంది. నీళ్లలో ఇక మేమిద్దరమే ఉంటాం.